లూప్‌బ్యాక్ పాసే, మరి క్లాక్?

వరంగల్, హన్మకొండ కాలేజీల నుంచి జర్మనీ ఆడియో ల్యాబులకు వచ్చే పిల్లలకు సోల్డరింగ్ వస్తుంది, ఆసిలోస్కోప్ పట్టడం వస్తుంది. చిక్కంతా రిపోర్టు దగ్గరే. లూప్‌బ్యాక్ అంటే బోర్డు పంపిన శబ్దాన్ని తిరిగి దానికే ఇచ్చి చూసే పరీక్ష. ‘లూప్‌బ్యాక్ పాస్’ అని రాస్తే, ‘ఏ క్లాక్ (శాంపిళ్ల వేగాన్ని నడిపే సిగ్నల్) మీద?’ అన్న ప్రశ్న తిరిగొస్తుంది. "సౌండ్ మంచిగనే వస్తుంది గదన్నా" అంటే ఇక్కడ చెల్లదు.

48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుకు కోడెక్ (శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే చిప్) మామూలుగా 256 రెట్లు, అంటే 12.288 మెగాహెర్ట్జ్ మాస్టర్ క్లాక్ అడుగుతుంది. 44.1కైతే 11.2896. బోర్డు మీద 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉండి, పీఎల్ఎల్ (ఒక క్లాక్ నుంచి వేరే వేగపు క్లాక్ తయారుచేసే సర్క్యూట్) వాడకుండా 256 లెక్కే ఉంచితే నడిచే రేటు 46.875. 1000 హెర్ట్జ్ టోన్ 976.6 దగ్గర మోగుతుంది. సెమిటోన్‌లో సగం కూడా తగ్గలేదు కాబట్టి చెవికి దొరకదు. హెడ్‌ఫోన్ నుంచి లైన్ ఇన్‌కు వైరు వేసి రికార్డు చేస్తే ఫైల్లో నిఖార్సుగా 1000 కనబడుతుంది. శబ్దాన్ని అంకెలుగా మార్చే ఏడీసీ, అంకెలను శబ్దంగా మార్చే డీఏసీ రెండూ అదే తప్పు క్లాక్ మీద ఉన్నాయి మరి. తన పేపరు తానే దిద్దుకున్నట్టు. ఒక్కో శాంపిల్‌కు ఒకసారి కొట్టే ఎల్ఆర్ క్లాక్ పిన్ మీద ఫ్రీక్వెన్సీ కౌంటర్ పెట్టి చూడాల్సిందే.

డబ్ల్యుఎం8960 అనే కోడెక్‌లో 12 నుంచి 12.288 రావాలంటే పీఎల్ఎల్ నిష్పత్తి 8.192; లోపల అంత పెంచి, తర్వాత 8తో భాగిస్తారు. పూర్ణాంకం 8, మిగిలిన 0.192ను 24 బిట్లలో రాయాలి. పీఎల్ఎల్ ఆన్ చేసి, సిస్టం క్లాక్‌ను దాని మీదికి మార్చే బిట్ మరిచిపోవడం చాలా మామూలు.

ఇదే చిప్‌లో ఏడీసీ డేటాను నేరుగా డీఏసీకి పంపే లూప్‌బ్యాక్ బిట్ ఉంది. మైకులో మాట్లాడితే హెడ్‌ఫోన్‌లో వినబడుతుంది, ఆ డేటా ప్రాసెసర్ గుండా రానక్కర్లేదు. ముందు అది చేయాలి. అయితే ప్రాసెసర్‌కు వెళ్లే డేటా లైన్లు దీంట్లో పరీక్ష కావు. వాటికి వైరు లూపే దారి. మైక్ ఇన్‌పుట్‌కైతే సిరీస్‌లో 10 కిలో ఓమ్స్, గ్రౌండ్‌కు 100 ఓమ్స్, మైక్ బయాస్‌ను (మైక్‌కు ఇచ్చే డీసీ వోల్టేజీని) ఆపడానికి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. వైరు ఉండగా ఆ బిట్ కూడా ఆన్‌లో ఉంటే కూత మొదలవుతుంది.

రెండు చిప్‌ల మధ్య క్లాక్ ఇచ్చేది మాస్టర్, అందుకునేది స్లేవ్. కోడెక్, ప్రాసెసర్ రెండూ స్లేవ్ అయితే బిట్ క్లాకే (ఒక్కో బిట్‌ను నడిపే క్లాక్) రాదు, ప్లేబ్యాక్ కాసేపు ఆగి ఎర్రర్‌తో పడిపోతుంది. రెండూ మాస్టరైతే ఒకే లైన్‌ను చెరోవైపు లాగుతాయి, స్కోప్‌లో వేవ్ చిందరవందరగా కనబడుతుంది.

ఒకవైపు కోడెక్, ఇంకోవైపు యూఎస్‌బీ మైక్ ఉంటే రెండు క్రిస్టల్స్ అవుతాయి. మధ్య 50 పీపీఎం (పది లక్షలకు 50) తేడా ఉన్నా సెకనుకు 2.4 శాంపిళ్లు జారతాయి. బఫర్లో (శాంపిళ్లు తాత్కాలికంగా ఆగే చోటు) 512 శాంపిళ్ల జాగా ఉంటే మూడున్నర నిమిషాలకు టక్కుమంటుంది. పది సెకన్ల టెస్టుకు ఇది దొరకదు, అరగంట నడపాలి.

చలికాలంలో ఇక్కడ సాయంత్రం ఐదంటే వరంగల్‌లో రాత్రి తొమ్మిదిన్నర. అక్కడ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ రాసే మనవాడు పొద్దున లేచి చూసేసరికి మెయిల్లో క్రిస్టల్ విలువ, మాస్టర్ ఎవరు, లూప్ ఎక్కడ కలిపారు, ఎల్ఆర్ క్లాక్ ఏ పరికరంతో కొలిచారు అన్నవి లేకుంటే ఒక రోజు ఊరికే పోయినట్టే.