గడియారాలు కలవని టీమ్

మూడు దేశాల నుంచి ఐదుగురం, ఎనిమిది వారాల ఆన్‌లైన్ ప్రాజెక్ట్. భాష దగ్గరే తిప్పలు పడతామనుకున్నా. తీరా ముప్పుతిప్పలు పెట్టింది గడియారం! అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో చివరి ఆదివారం టైమ్‌ని గంట ముందుకు జరుపుతారు. మధ్యలో ఆ రెండు మూడు వారాలూ ఎవరో ఒకరు ఖాళీ కాల్‌లో కూర్చుని "హలో, ఉన్నారా?" అనడమే. తర్వాత బుద్ధొచ్చి టైములన్నీ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోనే రాసుకున్నాం.

తేదీల గొడవ ఇంకోటి. షీట్‌లో 04/05 అని రాశా. నా లెక్కలో మే 4. అమెరికా అమ్మాయేమో ఏప్రిల్ 5 అనుకుని, రాత్రంతా మేలుకుని తన భాగం పంపేసింది. సారీ చెబితే నవ్వేసి, "మరి నీ భాగం ఎంతవరకు వచ్చింది?" అంది.

నేనింకా ఫైలే తెరవలేదు.