గుండెలో పేస్‌మేకర్, బల్ల మీద స్పీకర్లు

గుండెను లయ తప్పకుండా కొట్టించే పేస్‌మేకర్ అనే చిన్న పెట్టెను నా ఛాతీలో అమర్చాక, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు ఉదయం, కాగితాల మీద సంతకాలు పెడుతూ ఒక యువ వైద్యుడు తల ఎత్తకుండానే, "మాస్టారూ, ఇక ఆ స్పీకర్లూ ఆంప్లిఫయర్లూ అమ్మేయండి. స్పీకరులోని అయస్కాంతం దగ్గరికి వస్తే పెట్టె ఆగిపోతుంది, పెట్టె ఆగితే మీరూ ఆగిపోతారు" అన్నాడు. జబ్బు పెట్టిన బాధ కంటె ఆ మాట పెట్టిన బాధే నాకు ఎక్కువ కాలం ఉంది. అది నిజం కాదని ఇప్పుడు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు చేరినా, మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తేది విశాఖపట్నానికే. బడిలో భౌతికశాస్త్రం చెప్పినన్నాళ్ళూ సాయంత్రాలు పాత వాల్వు రేడియోలు బాగుచేసేవాడిని. ఉద్యోగ విరమణ తరువాత ఎల్.ఎం. 3886 అనే ఆడియో చిప్పులతో ఆంప్లిఫయర్లు కట్టడంలో పడ్డాను. కళ్ళు తిరుగుతున్నాయని వెళ్ళిన ప్రతిసారీ ఊళ్ళో ఒక వైద్యుడు గ్యాస్ మాత్రలు రాసి పంపాడు. నిమిషం పాటు నాడి పట్టుకొని చూసినా, ఒక్క ఈసీజీ తీయించినా అనుమానం రావలసిన జబ్బు అది. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు.

భాద్రపదంలో ఒక వానరాత్రి కరెంటు పోయింది. ఫ్యాను ఆగి ఇల్లు సద్దుమణిగాక, దిండుకు ఆనించిన చెవిలో నా నాడి నాకే వినిపించింది. ఆంప్లిఫయరులో 100 హెర్ట్జుల హమ్, అంటే గుంయ్‌మనే రొద, ఎక్కడి నుంచి వస్తోందో వెతకడానికి అలవాటుపడిన చెవి అది; ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ అంత ఖాళీ ఉండకూడదని దానికి వెంటనే తెలిసింది. టార్చి వెలుగులో గోడ గడియారం చూస్తూ లెక్కపెడితే నిమిషానికి 32. మళ్ళీ లెక్కపెట్టబోయేలోపు స్పృహ తప్పింది. తెలివి వచ్చేసరికి నా భార్య నా చెంపలు రెండూ పట్టుకొని, "ఏమండీ, ఇటు చూడండి, నన్ను చూడండి" అని ఏడుస్తోంది. బావమరిది కారు తెచ్చాడు. పాతపట్నం దాటాక వానకు దారి కనిపించక అతడు బండి నెమ్మది చేసినప్పుడల్లా ఆమె "ఆపకురా తమ్ముడూ" అనేది. దారిలో మరొకసారి తెలివి తప్పింది. "బావా, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు" అని అతడు బతిమాలితే, నోటికి వచ్చిన, రెసిస్టరు విలువను తెలిపే రంగుల వరుసను, నలుపు, గోధుమ, ఎరుపు, నారింజ అంటూ, నరసన్నపేట దాకా అప్పజెప్పాను. నా భార్య అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకుంది.

శ్రీకాకుళంలో ఈసీజీ చూసి పూర్తి హార్ట్ బ్లాక్ అన్నారు. గుండె పై గదుల్లో పుట్టే విద్యుత్ సంకేతం కింది గదులకు చేరడం లేదు. తెల్లవారేసరికి విశాఖలో గుండెను కొట్టించడానికి తాత్కాలికపు తీగ వేశారు, తరువాత ఎడమ భుజం కింద రెండు తీగల పేస్‌మేకర్ అమర్చారు. ఆ తెల్లవారుజామున నా పక్కనుంచి కదలని నర్సమ్మకు నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను.

ఇంటికి వచ్చాక నా పనిగదికి తాళం పడింది. మంద్రస్వరాలు పలికే పెద్ద స్పీకర్లను, 12 అంగుళాల వూఫర్లను, గోనెసంచుల్లో కట్టి పెరటి కొట్టులో పెట్టించాను. వీధిలో మైకు పెట్టెలు కనిపిస్తే ఎడమ చేత్తో ఛాతీ మూసుకొని అవతలి పక్కకు నడిచేవాడిని.

తరువాతి పరీక్షలో పేస్‌మేకర్ పనితీరు చూసే టెక్నీషియన్ అమ్మాయి నా భయం విని, వలయంలా ఉన్న అయస్కాంతాన్ని నేరుగా నా ఛాతీ మీదే పెట్టింది. పెట్టె ఆగలేదు. గుండె సొంత లయను గమనించడం మాని, ఒకే నిర్ణీత వేగంతో సంకేతాలు పంపసాగింది. అయస్కాంతం తీయగానే యథాస్థితికి వచ్చింది. అయస్కాంతాన్ని గుర్తించే ఏర్పాటును పరికరంలో కావాలనే పెడతారట. "ఛాతీకి ఆనించకండి సార్, జానెడు దూరం ఉంటే చాలు" అంది. ఆమె చల్లగా ఉండాలి.

నావంటి వారు తెలుసుకోవలసింది ఇది. స్పీకరును కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. బరువైన వూఫరును గుండెకు హత్తుకొని మోయకూడదు, మరొకరి చేత మోయించాలి. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకోవచ్చు గాని మెడలో వేలాడదీసి ఛాతీ మీదికి జారనివ్వకూడదు, ఇయర్‌ఫోన్లు చొక్కా జేబులో వేయకూడదు. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకు ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే పరికరం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అయస్కాంతం దగ్గరుంటే ఆ పరికరం అవసరమైన షాకును కూడా ఇవ్వకపోవచ్చు. మీ పరికరం సంగతి మీ టెక్నీషియన్‌నే అడగండి.

1957లో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఎర్ల్ బాకెన్ అనే ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, ఒక అభిరుచి పత్రికలో అచ్చయిన మెట్రోనోము సర్క్యూటును ఆధారం చేసుకొని, బ్యాటరీతో నడిచే, రోగి ఒంటిమీద ధరించే పేస్‌మేకర్‌ను తయారుచేశాడు. సంగీతానికి తాళం చూపే ఆ సర్క్యూటులో ఉన్నవి రెండు ట్రాన్సిస్టర్లే. నా ఛాతీలో ఉన్న పెట్టె వంశం నా బల్ల మీది సామానుతోనే మొదలైందని చదివిన రోజున నా గదికి తాళం తీయించాను.

నన్ను భయపెట్టిన వైద్యుడిని ఆ తరువాత కలవలేదు. కలిస్తే, అమ్మేయమని చెప్పే ముందు ఎంత దూరం ఉంచాలో ఆ ఒక్క అంకె రోగికి చెప్పమని అడగదలచాను.