2019 మోడల్ 3కి 2024 చక్రాలు బిగించిన అనుభవం

నా దగ్గర ఉన్నది 2019లో తయారైన టెస్లా మోడల్ 3, రెండు మోటార్ల లాంగ్ రేంజ్ రకం. దానికి కంపెనీ నుంచే 19 అంగుళాల చక్రాలు వచ్చాయి. చూడడానికి బాగానే ఉండేవి కానీ రోడ్డు మీద చిన్న గుంత వచ్చినా నడుముకు తెలిసేది. పైగా రెండు రిమ్ముల అంచులు ఫుట్‌పాత్ రాళ్లకు రాసుకుని చెక్కుకుపోయాయి. టైర్లు కూడా అరిగి మార్చక తప్పని స్థితికి వచ్చినప్పుడు, మళ్లీ అదే కొలతకు డబ్బు పోసే బదులు 18 అంగుళాలకు దిగితే ఎలా ఉంటుందన్న ఆలోచన కలిగింది. సరిగ్గా ఆ సమయంలోనే, 2023 చివరలో రూపం మార్చుకుని వచ్చిన మోడల్ 3కి ఇస్తున్న, ఫోటాన్ అనే 18 అంగుళాల చక్రాల సెట్టు ఒకటి, 2024 కారు నుంచి విప్పినది, టైర్లతో సహా అమ్మకానికి కనిపించింది. కొత్త కారు కొన్న ఎవరో ఇంటికి తేగానే వేరే చక్రాలు వేయించుకుని వీటిని మూలన పెట్టారట.

బేరం కుదుర్చుకోవడానికి ముందు చక్రాన్ని బోర్లా తిప్పి చూశాను. చక్రం బండికి పడుతుందో లేదో చెప్పేవి దాని వెనక పోతపోసి ఉన్న అంకెలే. 18 అంగుళాల వ్యాసం, 8.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 40 అని అక్కడ ఉంది. ఆఫ్‌సెట్ అంటే, చక్రం హబ్బుకు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే ముఖం రిమ్ము వెడల్పుకు మధ్యరేఖ నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకు జరిగి ఉందో తెలిపే కొలత. అది బాగా తగ్గితే టైరు మడ్‌గార్డు దాటి బయటికి వస్తుంది, పెరిగితే లోపలి సస్పెన్షన్ భాగాలకు చేరువవుతుంది. నా 19 అంగుళాల చక్రాల వెడల్పు, ఆఫ్‌సెట్ కూడా ఇవే. ఐదు స్టడ్డుల (హబ్బు మీద నట్లు ఎక్కే మర కడ్డీల) వలయం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, నడిమి రంధ్రం 64.1 మిల్లీమీటర్లు, నట్లు ఎం14, మర పిచ్ 1.5. పాత మోడల్ 3కి, కొత్తదానికి వీటిలో ఏదీ మారలేదు కాబట్టి మధ్యలో రింగులు గానీ స్పేసర్లు గానీ అక్కరలేదు. నట్టు కూర్చునే చోటు రెండింటిలోనూ శంఖాకారమే కాబట్టి నా పాత నట్లే పనికివస్తాయి.

టైరు లెక్క కూడా ఒకసారి కాగితం మీద వేసుకున్నాను. నా పాత టైరు 235/40 ఆర్19, కొత్తది 235/45 ఆర్18. (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు.) రిమ్ము ఒక అంగుళం తగ్గినా టైరు పక్కగోడ పెరగడం వల్ల మొత్తం వ్యాసం 670.6 నుంచి 668.7 మిల్లీమీటర్లకు మాత్రమే దిగుతుంది. స్పీడోమీటరుకు ఆ తేడా లెక్కలోకి రాదు. బరువు మోసే సూచిక 98 ఉండడం నాకు ముఖ్యంగా అనిపించింది, ఎందుకంటే అది ఒక్కో టైరు 750 కిలోలు మోయగలదని చెప్పే సంఖ్య. బ్యాటరీ వల్ల 1,800 కిలోలు దాటే ఇలాంటి బండికి, కొలత కలిసింది కదా అని తక్కువ సూచిక ఉన్న టైరు వేయడం తగదు. ఇక్కడే మరొక మాట. మోడల్ 3లో పెర్ఫార్మెన్స్ రకం ఉన్నవారు నా లెక్కను నమ్ముకోకూడదు. ఆ కార్ల బ్రేకులు పెద్దవి, పాతవాటిలో డిస్కు మధ్యభాగం మెట్టులా ఉండడం వల్ల మామూలు చక్రం హబ్బుకు పూర్తిగా ఆనదు.

అన్నీ కలిశాయని తేలినా, నాలుగింటినీ ఒకేసారి మార్చకుండా ముందుగా ఒక్క చక్రాన్ని బిగించి చూద్దామనుకున్నాను. ఈ కారుకు కంపెనీ జాకీ గానీ స్టెప్నీ గానీ ఇవ్వదు. కారు అడుగున నాలుగు మూలల్లో జాకీ పెట్టడానికి నిర్దేశించిన గుండ్రటి రంధ్రాలు ఉంటాయి; వాటిలో ఇమిడే రబ్బరు బిళ్లలు నాలుగు ముందే తెప్పించుకున్నాను. వాటి మధ్య విశాలంగా, చదునుగా కనబడేదంతా బ్యాటరీ పెట్టె. మామూలు కార్లకు అలవాటుపడిన చేయి జాకీని సరిగ్గా అక్కడికే తోస్తుంది, అక్కడే అది పెట్టకూడదు.

నట్లు సులువుగానే వచ్చాయి కానీ చక్రం మాత్రం హబ్బును వదల్లేదు. ఎలక్ట్రిక్ కారు వేగం తగ్గించుకునేటప్పుడు ఎక్కువగా మోటారే జనరేటరుగా మారి ఆ శక్తిని బ్యాటరీలోకి పంపిస్తుంది కాబట్టి బ్రేకు డిస్కులు వేడెక్కే సందర్భాలు తక్కువ. ఆ మేరకు అక్కడ చేరిన తేమ తొందరగా ఆరదు, తుప్పు తీరిగ్గా పేరుకుంటుంది. ఒక నట్టును నాలుగైదు చుట్లు వదులుగా ఉంచి, టైరు పక్కలను రబ్బరు సుత్తితో చుట్టూ తడుతూ పోతే చివరికి ఊడివచ్చింది. నట్టు ఉండబట్టి చక్రం కాళ్ల మీద పడలేదు. హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్దాను. స్టడ్డుల మర మీద మాత్రం గ్రీజు పూయలేదు. మర నునుపైతే అదే టార్కుకు (రెంచ్‌తో తిప్పే బలానికి) నట్టు ఇంకా ఎక్కువ బిగుసుకుని స్టడ్డు సాగే ప్రమాదం ఉంటుంది. కొత్త చక్రం హబ్బు మీద అతికినట్టు కూర్చుంది. స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూసినా టైరు ఎక్కడా రాసుకోలేదు.

ఆ ఉత్సాహంలోనే మిగతా మూడు చక్రాలను కూడా మార్చేసి బయలుదేరాను. కొంత దూరం వెళ్లాక తెరమీద టైర్ల పీడనం చూపే వ్యవస్థలో లోపం ఉందన్న హెచ్చరిక, దానితోపాటు పసుపు దీపం వెలిగాయి. కొత్త సెన్సార్లను కారు గుర్తించడానికి గంటకు 25 కిలోమీటర్లు దాటిన వేగంతో పది నిమిషాలకు పైగా నడపాలని చదివి ఉన్నాను కాబట్టి, అరగంట తిరిగాను. దీపం ఆరలేదు. ఇంటికి వచ్చి తీరిగ్గా వెతికితే గానీ నా తెలివితక్కువతనం నాకు తెలియలేదు. 2021 మోడల్ నుంచి ఈ కార్లలో సెన్సార్లు బ్లూటూత్ ద్వారా మాట్లాడతాయి. నా 2019 కారు వినేది 433 మెగాహెర్ట్జ్ రేడియో సంకేతాన్ని మాత్రమే. చక్రం వెనక ఉన్న ప్రతి అంకెనూ కొలిచిన నేను, టైరు లోపల వాల్వుకు అంటుకుని ఉన్న ఆ చిన్న పెట్టెను మాత్రం మరిచిపోయాను. దీన్ని సాఫ్ట్‌వేరుతో సరిచేయడం కుదరదు, ఎందుకంటే ఆ బ్లూటూత్ సెన్సార్లు పంపే సంకేతాన్ని నా కారు అందుకోలేదు.

ఉన్న దారులు రెండే. పాత చక్రాల్లోని సెన్సార్లను తీసి వీటిలో పెట్టించడం ఒకటి, అదే రేడియో రకం కొత్తవి కొనడం రెండోది. సెన్సారులోని బ్యాటరీని మార్చడానికి వీలుండదు, దాని ఆయుష్షు సుమారుగా ఏడు నుంచి పదేళ్లు. నావి అప్పటికే చాలా ఏళ్లు వాడినవి. వాటినే పెట్టిస్తే మరో రెండు మూడేళ్లలో టైర్లను మళ్లీ విప్పించే పని పడుతుంది కాబట్టి కొత్తవే కొన్నాను. టైరు షాపులో పనివారికి ముందే రెండు మాటలు చెప్పాల్సి వచ్చింది: టైరు లోపల శబ్దం తగ్గించే స్పాంజి పట్టీ అంటించి ఉంటుంది, దాన్ని యంత్రం కొక్కెంతో చీల్చవద్దని, కారును ఎత్తేటప్పుడు నేను తెచ్చిన బిళ్లల మీదే ఎత్తాలని. మొదటిది శ్రద్ధగా విన్నారు, రెండోదానికి పక్కన నిలబడి ఉండాల్సి వచ్చింది. బ్యాలెన్సింగ్ అయ్యాక ఒక కుర్రవాడు గాలి గన్నుతో నట్లను అదరగొట్టి బిగించడం మొదలుపెట్టాడు. నేను ఆపి, అన్నింటినీ వదులు చేయించి, నక్షత్రం గీసినట్టు ఎదురెదురు నట్లను వరుసగా తీసుకుంటూ టార్కు రెంచ్‌తో (పెట్టిన బిగువు రాగానే టక్కుమనే రెంచ్) 175 న్యూటన్ మీటర్లకు బిగించమన్నాను. అతనికి నా చాదస్తం నవ్వు తెప్పించి ఉండవచ్చు, కానీ రెంచ్ మాత్రం తెచ్చాడు.

గాలి విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు: డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద ఉన్న 42 పీఎస్ఐని, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాను. తెరమీద సర్వీసు మెనూలో చక్రాల రకాన్ని 19 నుంచి 18 అంగుళాలకు మార్చాను. ఇది అలంకారం కోసం కాదు. మిగిలిన దూరాన్ని కారు అంచనా వేసేటప్పుడు ఈ ఎంపికను కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

గుంతల మీద తేడా మొదటి రోజే తెలిసింది. పక్కగోడ ఎత్తు పెరగడం వల్ల అదురు మెత్తబడింది. విద్యుత్తు వాడకం గురించి మాత్రం నేను గొప్పలు చెప్పను. ఈ కొత్త చక్రాల ముఖాన్ని మూసే ప్లాస్టిక్ కవర్లు హైవే వేగంలో గాలి సుడులను తగ్గిస్తాయి, నిజమే. కానీ నిండు ట్రెడ్డు ఉన్న కొత్త టైరు అరిగిన టైరు కంటే దొర్లడానికి ఎక్కువ శక్తి తీసుకుంటుంది. రెండూ ఒకేసారి మారినప్పుడు ఏది ఎంత మిగిల్చిందో విడదీసి చెప్పడం నిజాయితీ కాదు.

సుమారు 80 కిలోమీటర్లు తిరిగాక కవర్లు ఊడదీసి, ఇరవై నట్లనూ రెంచ్‌తో మరోసారి చూశాను. పంతొమ్మిదింటి దగ్గర రెంచ్ వెంటనే టక్కుమంది. వెనక ఎడమ చక్రంలో ఒకటి మాత్రం పావు చుట్టు తిరిగాక టక్కుమంది. మర్నాడు ఆ ఒక్కదాన్నీ మళ్లీ పరీక్షించాను, ఇక కదల్లేదు.