సామోస్ కొండను రెండు వైపులా తొలిచిన యూపలినోస్

సామోస్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది పైథాగరస్. బడిలో లెక్కల పుస్తకం పుణ్యం. ఆయన పుట్టింది ఆ గ్రీకు దీవిలోనే, కానీ పేరు తెచ్చుకున్నది ఇటలీలోని క్రోటన్‌లో. 1955లో అక్కడి రేవు ఊరికి పైథాగోరియో అని పేరు పెట్టుకున్నారు. నన్నడిగితే ఆ ఊరికి ఆయనకన్నా ఎక్కువ మేలు చేసినవాడు మెగరా నుంచి పని కోసం వచ్చిన పరాయి ఊరి ఇంజనీరు, యూపలినోస్.

తిరుపతిలో కపిలతీర్థం నీళ్లు కొండమీంచి మనవైపే దూకుతాయి. సామోస్‌లో ఊట కొండకు అవతల ఉంది, ఊరు ఇవతల. కొండ చుట్టూ కాలువ తవ్వితే యుద్ధంలో శత్రువు దాన్ని తెంపేస్తాడు. అందుకే క్రీ.పూ. 6వ శతాబ్దంలో కొండలోంచే 1,036 మీటర్ల సొరంగం తవ్వారు. ఎత్తూ వెడల్పూ సుమారు 1.8 మీటర్లు. అంత ఇరుకులో ఉలి, సుత్తి పట్టుకుని ఒకరిద్దరికి మించి నిలబడలేరు. రెండు కొసల నుంచీ మొదలుపెడితే సగం కాలంలో పని అవుతుంది.

చిక్కల్లా కలవడం దగ్గరే. 500 మీటర్లు పోయేసరికి ఒక్క డిగ్రీ తేడా దాదాపు 9 మీటర్ల పక్కకు లాగేస్తుంది. పైగా ఉత్తరం వైపు రాయి మెత్తబడి నీరు ఊరడంతో నేరుగా పోవడం కుదరలేదు. పక్కకు తిరిగి, మళ్లీ దారిలోకి రావాల్సి వచ్చింది. ఎదురెదురు గీతలు సమాంతరంగా పోతే ఎప్పటికీ కలవవు, ఒకదాన్ని వంచితే రెండోదాన్ని ఎక్కడో తాకక తప్పదు. యూపలినోస్ పట్టుకున్న కిటుకు అదే. ఎత్తులో తప్పిపోకుండా ఉత్తరం వాళ్లు పైకప్పు లేపారు, దక్షిణం వాళ్లు నేల దించారు.

సొరంగం నేల దాదాపు సమతలం. నీళ్లు పారాలంటే వాలు కావాలి కదా! అందుకని నేలలోనే ఒక పక్కన కందకం తవ్వారు: ఉత్తరాన సుమారు 4 మీటర్ల లోతు, దక్షిణాన 8 మీటర్లకు పైనే. అంటే కిలోమీటరుకు దాదాపు 4 మీటర్ల వాలు. అడుగున మట్టిగొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పరిచారు. తర్వాత వచ్చిన తంటా మనింటి బోరునీళ్లదే. గిన్నె అడుగున తెల్లగా పట్టే సున్నం, దాంతోపాటు మట్టి, గొట్టాల్లో పేరుకుంది. తీయడానికి పైభాగాలు పగలగొట్టాల్సి వచ్చింది. అయినా వెయ్యేళ్లకు పైగా ఊరికి నీళ్లు అందాయి.

ఈ పనిని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ మెచ్చి రాశాడు కాబట్టే చేసినవాడి పేరు మిగిలింది.

సుమారు రెండున్నర వందల ఏళ్ల తర్వాత అదే దీవిలో పుట్టిన అరిస్టార్కస్‌నూ కోణమే ఇబ్బంది పెట్టింది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పినవాడు ఆయన. సగం చందమామ కనబడినప్పుడు సూర్యచంద్రుల మధ్య కోణం 87 డిగ్రీలని తీసుకుని, చంద్రుడికన్నా సూర్యుడు 18 నుంచి 20 రెట్లు దూరమని తేల్చాడు. పద్ధతిలో వంక లేదు. అసలు కోణం 90కి వెంట్రుకవాసి తక్కువ, దూరం దాదాపు 390 రెట్లు. కంటితో చూసి ఆ కొలత రాబట్టడం ఎవరివల్లా అయ్యే పని కాదు.