నక్షత్రమా, చుక్కా? మింట్ గుర్తులు తేల్చడంలో నా అనుభవం

పాత చిల్లర డబ్బాను కుప్పలుగా విడదీసి, ఏ నాణెం ఏ టంకశాలదో తేల్చి, ఒకటికి మించి ఉన్నవాటిని అమ్మేసే పని నిన్నటితో అయిపోయింది. ఈ పనిలో తగిలిన ఒక డీలరు మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

విలువ, సంవత్సరం చూసి కుప్పలు పోయడం సులువు. అయస్కాంతం ఒకటి, 0.01 గ్రాము దాకా చూపే కాటా ఒకటి దగ్గరుంటే చాలు. 1992 నుంచి 2004 దాకా వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. దానికి ముందరి కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) రూపాయి 6 గ్రాములు, 26 మిల్లీమీటర్లు. స్టీలుది అయస్కాంతానికి అంటుకుంటుంది, కుప్రోనికెల్‌ది అంటుకోదు. బరువూ అయస్కాంతమూ రెండూ లెక్క తప్పితే ఆ నాణేన్ని పక్కన పెట్టండి. అది వేరే నాణేనికి కోసిన బిళ్ల మీద పడిన ముద్రైనా కావచ్చు, దొంగ నాణెమైనా కావచ్చు.

తర్వాత మింట్ గుర్తులు, అంటే నాణెం ఏ టంకశాలలో పడిందో చెప్పేవి. సంవత్సరం అంకెల కింద చూడాలి. వజ్రం ఉంటే ముంబయి, ఐదు కొనల నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. 1985 రూపాయి మీద హెచ్ అక్షరం కనిపిస్తే అది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోని హీటన్ మింట్‌లో కొట్టింది. తేదీ కింద సి ఉంటే కెనడాలోని ఒట్టావా. నయాపైసల కాలం నాటి హైదరాబాద్ నాణేల దగ్గర మాత్రం నిదానించాలి. అప్పట్లో మనవాళ్లు నక్షత్రానికి బదులు నడిమికి చీలిన వజ్రం, మధ్యలో చుక్క ఉన్న వజ్రం వాడారు. అరిగిపోతే రెండూ ముంబయి వజ్రంలాగే కనిపిస్తాయి. చీలిక ఆనవాలు దొరికేదాకా ముంబయి అని రాసెయ్యకండి.

నన్ను సతాయించింది స్టీలు రూపాయి. దాని మీద గుర్తు చాలా చిన్నది, లోహం గట్టిది. ముద్ర వేసే అచ్చులో, అంటే డైలో, నక్షత్రం చెక్కిన గుంటలోకి నూనె, లోహపు పొడి చేరి పేరుకుంటే కొనలు పడవు. మధ్య ముద్ద మాత్రమే పడుతుంది, చూసేవాళ్లకు అది నోయిడా చుక్క అనిపిస్తుంది. ఇంకా నిండిపోతే అసలేమీ పడదు, అప్పుడు కోల్‌కతా అనుకుంటారు. అంటే ఒకే హైదరాబాద్ నాణెం మూడు ఊళ్ల పేర్లతో అమ్ముడవుతుంది.

దీన్ని తేల్చడానికి ట్యూబ్‌లైటు పనికిరాదు, వెలుగు అన్ని వైపుల నుంచీ పడి నీడను మింగేస్తుంది. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని నాణెం అంచుకు దాదాపు సమానంగా ఒక పక్క నుంచి పెట్టి, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంలో (లూప్) చూస్తూ నాణేన్ని మెల్లగా తిప్పాలి. నోయిడా చుక్క బోర్లించిన గిన్నెలా ఉబ్బుగా ఉంటుంది, ఎటు తిప్పినా నీడ ఒకే నెలవంక ఆకారంలో పడుతుంది. నిండిన నక్షత్రానికి నీడ ఎగుడుదిగుడుగా పడుతుంది, ఒకటో రెండో కొనల మొదళ్లు ఎక్కడో ఒకచోట తళుక్కుమంటాయి. అరుగుదలైతే పైభాగం చదునుగా మెరుస్తుంది, పక్కనున్న అంకెల తలలు కూడా అలాగే అరిగి ఉంటాయి. డై నిండినదైతే అంకెలు నిక్కచ్చిగా ఉండి గుర్తొక్కటే నీరసంగా ఉంటుంది. పోల్చడానికి అదే సంవత్సరం, అదే విలువ నాణేలు నాలుగు టంకశాలలవీ ఒక్కొక్కటి బాగున్నవి దగ్గర పెట్టుకోవాలి. కొన్ని సంవత్సరాల్లో అంకెల లావులో, అంచుకు వాటి దూరంలో కూడా తేడాలు దొరుకుతాయి.

ఇంత చేసి హైదరాబాద్‌దేనని తేల్చిన రూపాయిని ఒక ప్రదర్శనలో డీలరు ముందు పెట్టాను. అతను లూప్ తీయలేదు, కళ్లద్దాలు కూడా సర్దుకోలేదు. పదిమంది వింటుండగా, "ఏంది సార్, చుక్కను గీకి కలకత్తా చేసి తెచ్చిన్రా?" అన్నాడు. పక్కవాళ్లు నావైపు దొంగను చూసినట్టు చూశారు. గీకిన నాణెం ఎలా ఉంటుందో అతనికి తెలియక కాదు, చూసే ఓపిక లేక. గీకితే ఒకే దిక్కుకు గీతలు పడతాయి, ఆ చోటు పక్కల కంటే కొద్దిగా లోతుగా ఉంటుంది, నాణెం తిప్పినప్పుడు మెరుపు అక్కడ తెగిపోతుంది. నా నాణెంలో మెరుపు తెగకుండా గుర్తు మీదుగా సాగింది, కింది రెండు కొనలు స్పష్టంగా ఉన్నాయి. ఫోన్‌లో పెద్దది చేసి తీసిన ఫొటో అదే బల్ల దగ్గర చూపించాను. ఫొటో చూశాక గొంతు తగ్గించి, నోయిడా లెక్కన తీసుకుంటానన్నాడు. ఇవ్వలేదు. నిజానికి నిండిన డైకి పెద్ద ధరేమీ ఉండదు, అది నాకూ తెలుసు. కానీ హైదరాబాద్‌లో కూర్చుని హైదరాబాద్ నక్షత్రాన్ని పోల్చలేనివాడు నాణేల వ్యాపారం ఎందుకు చేయాలి? 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలై, సైఫాబాద్‌లో నడిచి, 1997లో చర్లపల్లికి వెళ్లిన టంకశాల మనది. ఈ ఊళ్లో నిజాం కాలం నాటి చార్మినార్ బొమ్మ రూపాయి కొనేవాళ్లు మధ్య కమానులోని ఉర్దూ అక్షరం చూసే నవాబు ఎవరో చెబుతారు. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. ఆ ఐన్ కూడా మొదట్లో సగం, తర్వాత పూర్తిగా పడింది, రెండూ వేరు వేరు రకాలు.

గుర్తు లేని కోల్‌కతా నాణేన్ని "మింట్ మార్క్ మిస్సింగ్ ఎర్రర్" అని అమ్మేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, అది మామూలు నాణెం. 2012 నాటి వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయల నాణేనికి లక్షలిస్తామనే వీడియోలూ అంతే. అలా తమ పేరు చెప్పి కమిషన్లు, పన్నులు అడిగేవాళ్లతో జాగ్రత్తగా ఉండమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది.

ఎర్రర్లలో, అంటే తయారీలో పొరపాటు జరిగిన నాణేల్లో, నమ్మకంగా తేల్చగలిగింది అంచు కోత. బిళ్లలు కోసేటప్పుడే పడిన కోతైతే బరువు తగ్గుతుంది, కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా పలచబడి ఉంటుంది. ఇంట్లో ఆకురాయితో అరగదీసినదానికి ఎదురంచు నిండుగా ఉంటుంది. అంకెలు రెండేసి కనిపిస్తే సంబరపడకండి. రెండో గీత చదునుగా, మెట్టులా, కిందికి ఉంటే అది ముద్ర పడే క్షణంలో డై కదలడం వల్ల వచ్చింది, ధర రాదు. రెండు గీతలూ ఉబ్బుగా, కలిసే మూలలో చిన్న గాటుతో ఉంటేనే డై చెక్కడంలో జరిగిన పొరపాటు. పది రూపాయల నాణెంలో మధ్య బిళ్ల జరిగి ఉంటే, బొమ్మ గీతలు రింగు మీంచి బిళ్ల మీదికి తెగకుండా సాగుతున్నాయేమో చూడండి. తెగితే ఎవరో ఊడదీసి మళ్లీ బిగించినట్టే.

చింతపండు, పీతాంబరి పొడి నాణేల దరిదాపుల్లోకి రానివ్వొద్దు. జిడ్డు ఉంటే గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ అనే ద్రావకం పోసి కొద్ది నిమిషాలు నానబెట్టి, రుద్దకుండా ఆరనివ్వాలి. కిటికీ తెరిచి పెట్టుకోండి, పొయ్యి దగ్గర వద్దు. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ అనే పలచటి ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు వాడి, అట్ట మీద సంవత్సరం, టంకశాల, బరువు రాసిపెట్టుకోండి.