ప్రొటెక్టెడ్ మోడ్ ఇంటరప్ట్‌లు: స్టాక్ గీశాకే నాకు అర్థమయ్యాయి

మాది పర్లాకిమిడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, చదివే పుస్తకాలు ఇంగ్లిష్. పాలిటెక్నిక్ లెక్చరర్ పరీక్షకు చదివేటప్పుడు నన్ను బాగా ఏడిపించిన చాప్టర్ ఇంటరప్ట్‌లే, అంటే సీపీయూ చేస్తున్న పని ఆపి, హ్యాండ్లర్ అనే కోడ్‌కు వెళ్లి రావడం. రెండుసార్లు చదివి మోడల్ పేపర్ రాస్తే మూడు ప్రశ్నలకు మూడూ తప్పాయి.

రియల్ మోడ్ (సీపీయూ పాత 16 బిట్ల పద్ధతి) లెక్కనే ప్రొటెక్టెడ్ మోడ్‌కూ (మెమరీకి రక్షణ ఉండే పద్ధతి) వేస్తున్నానని తర్వాత తెలిసింది. డాస్ నడిచే రియల్ మోడ్‌లో వెక్టర్ టేబుల్, అంటే ఏ ఇంటరప్ట్ నంబరుకు హ్యాండ్లర్ ఎక్కడుందో చెప్పే పట్టిక, సున్నా అడ్రసు నుంచి ఉంటుంది. 256 ఎంట్రీలు, ఒక్కోటి 4 బైట్లు. డాస్ సర్వీసుల ఇంటరప్ట్ నంబరు 21హెచ్ (హెచ్ అంటే హెక్సాడెసిమల్) కాబట్టి, నాలుగుతో గుణిస్తే 84హెచ్. డాస్‌లోని డీబగ్ ప్రోగ్రామ్‌లో డి 0:84 అని కొట్టి కళ్లారా చూడండి. 60 14 73 02 అని కనిపిస్తే హ్యాండ్లర్ అడ్రసులో ఐపీ (ఆఫ్‌సెట్) 1460, సీఎస్ (సెగ్మెంట్) 0273. చిన్న బైటు ముందు వస్తుంది, తికమక పడొద్దు.

ప్రొటెక్టెడ్ మోడ్‌లో సీపీయూ చూసేది ఐడీటీని (ఇంటరప్ట్ డిస్క్రిప్టర్ టేబుల్). అది ఎక్కడుందో ఎల్‌ఐడీటీ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో మనమే చెప్పాలి. 32 బిట్లలో ఒక్కో గేటు (ఈ టేబుల్‌లోని ఎంట్రీ) 8 బైట్లు, కాబట్టి అదే 21హెచ్ గేటు బేస్ నుంచి 108హెచ్ దూరంలో ఉంటుంది.

అసలు చిక్కు ఎనిమిదో నంబరు దగ్గర ఉంది. పీసీ బయోస్ టైమర్‌కు 08హెచ్ ఇచ్చింది. ప్రొటెక్టెడ్ మోడ్‌లో అదే 8 అంటే డబుల్ ఫాల్ట్, అంటే ఒక ఫాల్ట్‌ను చూసుకోబోతుండగా వచ్చే ఇంకో ఫాల్ట్. సరిహద్దు దాటితే పాతపట్నం, అక్కడి నా స్నేహితురాలూ ఇదే పరీక్షకు చదువుతోంది. ఒక రాత్రి ఫోన్‌లో అడిగింది: "టైమర్ కొట్టింది. ఇప్పుడు స్టాక్ మీద ఏమున్నాయో వరసగా చెప్పు."

చెప్పలేకపోయాను. కాగితం తీసి గీశాను. సీపీయూ స్టాక్ మీద దాచేది ముందు ఈఫ్లాగ్స్ (ఫ్లాగుల రిజిస్టర్), దాని తర్వాత సీఎస్, ఆ తర్వాత ఈఐపీ; ఈ చివరి రెండూ కలిసి తిరిగి రావాల్సిన చోటు. డబుల్ ఫాల్ట్ అయితే వీటిపైన ఎర్రర్ కోడ్ కూడా ఉంటుంది, టైమర్‌కు ఉండదు. డబుల్ ఫాల్ట్ అనుకుని రాసిన హ్యాండ్లర్, ఎర్రర్ కోడ్ అనుకుని పైనున్న 4 బైట్లు తీసేస్తే పోయేది ఈఐపీ. ఆ తర్వాత ఐరెట్ (హ్యాండ్లర్ నుంచి వెనక్కి వచ్చే ఇన్‌స్ట్రక్షన్) చేస్తే సీఎస్ విలువ ఈఐపీలోకి వెళ్తుంది, ప్రోగ్రామ్ అక్కడితో సరి. సొంతంగా ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్లేవాళ్లు పిక్ (హార్డ్‌వేర్ ఇంటరప్ట్‌లను సీపీయూకు పంపే చిప్) నంబర్లను ముందే 20హెచ్‌కు జరిపేది ఇందుకే. ఆ బొమ్మ గీశాక ఈ పాఠం మళ్లీ మరిచిపోలేదు.

డీపీఎంఐ (డాస్ ప్రోగ్రాములు ప్రొటెక్టెడ్ మోడ్ వాడుకునే ఏర్పాటు) గురించి ఎక్కువ చదవక్కర్లేదు. ఇంటరప్ట్ 31హెచ్‌లో 0204 ఫంక్షన్ ప్రొటెక్టెడ్ మోడ్ వెక్టర్ తెస్తుంది, 0205 పెడుతుంది. రియల్ మోడ్ వెక్టర్లకు 0200, 0201. ఇంటరప్ట్ గేటు ఐఎఫ్‌ను (హార్డ్‌వేర్ ఇంటరప్ట్‌లను అనుమతించే ఫ్లాగ్) సున్నా చేస్తుంది, ట్రాప్ గేటు చెయ్యదు. హార్డ్‌వేర్ హ్యాండ్లర్ చివర 20హెచ్ పోర్టుకు 20హెచ్ పంపడం, అంటే పని అయిందని పిక్‌కు చెప్పడం, మరవకండి.

ఎర్రర్ కోడ్ వచ్చేవి 8, ఇంకా 10 నుంచి 14 వరకు; 80486లో 17 కూడా చేరింది. ఈ రాత్రి ఐఆర్‌క్యూ 5 (పిక్‌కు వచ్చే ఐదో నంబరు హార్డ్‌వేర్ ఇంటరప్ట్) తీసుకోండి. పిక్‌ను జరపకపోతే దాని వెక్టర్ 13, అంటే జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్. ఐఆర్‌క్యూ 5 వచ్చినప్పుడూ, ఆ ఫాల్ట్ వచ్చినప్పుడూ స్టాక్ ఎలా ఉంటుందో గీసి పక్కపక్కన పెట్టి చూడండి.