ఒకటే గుమ్మం: అటు ఆవులు, ఇటు మనుషులు

కిలెవెంట్ అనే పాత రైతు ఇంటి గుమ్మం దాటి ఒక పక్కకు తిరిగితే పొయ్యి ఉన్న గది, రెండో పక్కకు తిరిగితే పశువుల కొట్టం. ఇంటివాళ్లూ ఆవులూ వచ్చేదీ పోయేదీ ఆ ఒక్క గుమ్మం నుంచే. మా అమ్మాయి బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో చదువుకుంటోంది. "కోట తర్వాత చూద్దాం నాన్నా, నీకు కావలసిన గోడలన్నీ ఇక్కడున్నాయి" అంటూ, ఈ ఇల్లు ఉన్న చోటికి, ఊరికి పడమరనున్న సెయింట్ ఫాగన్స్‌కు బస్సెక్కించింది. రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. ఎక్కడికెళ్లినా ముందు గోడ మూల చూసి, ఆ తర్వాతే ఇంట్లోకి అడుగుపెడతాను.

సెయింట్ ఫాగన్స్ ఆరుబయట మ్యూజియం. స్టాక్‌హోమ్‌లోని స్కాన్సెన్ నమూనాగా, యోర్వెర్త్ పీట్ అనే పండితుడి పూనికతో 1948లో తెరిచారు. సెయింట్ ఫాగన్స్ కోటనూ చుట్టూ ఉన్న తోటనూ ప్లిమత్ ప్రభువు ఇచ్చాడు. వేల్స్ నలుమూలల్లో ఉన్న పాత ఇళ్లను విప్పి, రాతికీ దూలానికీ గుర్తులు పెట్టి, తెచ్చి మళ్లీ కట్టారు. ఇప్పుడు నలభైకి పైగా కట్టడాలున్నాయి. బడి, చర్చి, తోళ్లు ఊనే చోటు, కార్మికుల వరస ఇళ్లు కూడా వాటిలో ఉన్నాయి. నేను మాత్రం రైతుల ఇళ్లు వదల్లేదు.

కిలెవెంట్‌ది మధ్య వేల్స్‌లో రేయడర్ దగ్గర క్లేర్వెన్ లోయ. బర్మింగ్‌హామ్‌కు తాగునీరు పంపే ఆనకట్టలున్న కొండ ప్రాంతం అది. 1470 ప్రాంతంలో మొదట కట్టినప్పుడు ఇది కర్ర ఇల్లు. వంపు తిరిగిన ఓక్ మానును నిలువునా చీల్చి, ఆ రెండు బద్దలనూ ఎదురెదురుగా నిలిపి పైన కలిపేవారు. కప్పు బరువంతా వాటిమీదే. గోడ ఊరికే చాటు, మోసేదేమీ లేదు. అందుకే తర్వాతి తరాలవాళ్లు కప్పును కూల్చకుండానే గోడలు మార్చుకోగలిగేవారు. ఇక్కడ 1734లో రాతి గోడలు వచ్చాయి. ఏ కాలం ఇల్లని అడిగితే రెండు జవాబులూ సరైనవే.

ఇలాంటి పొడవాటి ఇళ్లను కొండవాలుకు అడ్డంగా కాక, వాలు వెంబడే కట్టేవారు. మనుషులు ఎగువన, పశువులు దిగువన. కొట్టంలోని తడి పల్లానికే జారిపోతుంది, పొయ్యి వైపు రాదు. నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా నచ్చింది ఈ లెక్కే. ఒక్క కప్పు కింద ఉంటే చలికాలం అర్ధరాత్రి ఆవు ఈనినా వానలో బయటికి పోనక్కర్లేదు, పశువుల ఒంటి వేడి కూడా కొంత కలిసొస్తుంది. రైళ్లు రాకముందు వేల్స్ పశువులు ఇంగ్లండ్ సంతలకు నడిచే వెళ్లేవి. రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది వాటివల్లే, ఇంట్లో చోటివ్వడంలో వింతేముంది?

ఒక్కటే లోటు. కొట్టం మరీ శుభ్రంగా ఉంది. పేడ వాసన లేని పశువుల కొట్టాన్ని నమ్మడం నావల్ల కాలేదు. అమ్మాయి మాత్రం "అదే మంచిది నాన్నా" అంది.

పొగ సంగతి అర్థం కావాలంటే ఇంకో రెండిళ్లు ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. ఉత్తర వేల్స్‌లోని డెన్‌బీషైర్ నుంచి తెచ్చిన 1508 నాటి కర్ర ఇంట్లో చిమ్నీయే లేదు. గది మధ్యలో నేలమీద పొయ్యి, పొగ కిటికీల్లోంచి దాని ఇష్టం వచ్చినట్టు పోవాల్సిందే. కిటికీలకు అద్దాలూ లేవు, కర్ర కడ్డీలే. అక్కడినుంచి కార్నార్వన్ దగ్గరి వైన్‌వౌర్ నుంచి వచ్చిన 'అ గారెగ్ వౌర్' అనే ఇంట్లోకి వెళ్లాం. 1544 నాటిది. మందమైన కొండరాతి గోడలు, పైన పలకరాయి కప్పు, ఎత్తైన చిమ్నీలు, పైఅంతస్తు. మధ్యలో గడిచింది నలభై ఏళ్లు కూడా కాదు. పొగను గొట్టంలోకి పట్టేశాక గది పైభాగం ఖాళీ అయింది, అక్కడ అటక వేసి పడకగదులు చేసుకున్నారు. స్నోడోనియా కొండల్లో పదహారో శతాబ్దంలో కాస్త కలిగిన రైతులు కట్టుకున్న ఇళ్ల తీరు ఇదే. ఈ గోడ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పాత రాతి గోడ సున్నంతో ఊపిరి పీల్చుకుంటుంది, తాగిన తడిని ఎండకు వదిలేస్తుంది. దానికి సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని రాయినే తినేస్తుంది. సర్వీసులో ఉండగా ఈ మాట ఎన్ని గుళ్ల దగ్గర మొత్తుకున్నానో!

ఎక్కువమంది ఫోటోలు తీసుకునేది మాత్రం కెనిక్స్టన్ అనే రైతు ఇంటి దగ్గర. దక్షిణాన గౌవర్ ద్వీపకల్పంలోని లాంగెనిత్ ఊరిది. 1610లో మొదలై, తర్వాత రెండు విడతల్లో పెరిగింది. గడ్డి కప్పు, గోడలన్నీ ఎర్రెర్రగా ఉన్నాయి. దుష్టశక్తులు దగ్గరకు రాకుండా ఆ రంగు. అది చాలదన్నట్టు తోటలో ఎర్రపళ్ల రోవన్ చెట్టు, గుమ్మం దగ్గర చెక్కిన బొమ్మలు. అంటే మన దిష్టిబొమ్మ చేసే పనికి వీళ్లు ముగ్గురిని పెట్టుకున్నారు. లోపల పొయ్యి పక్కనే గోడలో అల్మరాలాంటి పడక ఉంది, తలుపులు మూసుకుంటే వెచ్చగా పడుకోవచ్చు. నా పొడవుకు అందులో కాళ్లు చాపడం కష్టమే.

ఇంటిని దాని నేలమీంచి పెకలించి తేవడం తప్పనేవాళ్లున్నారు. నాకూ కిలెవెంట్ చుట్టూ ఆ కొండా గాలీ లేకపోవడం వెలితిగానే అనిపించింది. కానీ అప్పట్లో ఇలాంటి పాత ఇళ్లు వదిలేస్తే కూలిపోయేవే ఎక్కువ. చూరులో గడ్డి కట్టిన తీరు, సున్నం పాళ్లు, ఓక్ దూలం మీద గొడ్డలి గాట్లు, ఇవన్నీ మళ్లీ కట్టే పనివాళ్ల చేతుల్లోకి వచ్చాయి. ఆ పని ఇంకా ఆగలేదు. కార్డిఫ్‌లో 1853లో వెలిసిన వల్కన్ అనే సారాయి దుకాణాన్ని కూడా విప్పి తెచ్చి 2024లో ఇక్కడ తెరిచారు. అందులో నిజంగానే బీరు పోస్తున్నారు. అమ్మాయి ముందు తాగడానికి నాకే మొహమాటమేసింది.

వెళ్లాలనుకునేవాళ్లకు: లోపలికి టికెట్టు లేదు, కారుకు మాత్రం పార్కింగ్ రుసుము కట్టాలి. ఇళ్లు దూరదూరంగా చెట్ల మధ్య ఉంటాయి, పూట సరిపోదు. తడిసినా పాడవని బూట్లు వేసుకోండి. ముందు 1508 ఇల్లు చూసి తర్వాతే 1544 ఇంటికి వెళ్లండి, తిరగేసి చూస్తే సగం మజా పోతుంది.